డ్రయ్యర్ పక్కన నూకరత్నం

నూకరత్నం వంట నేను ఎనిమిదేళ్ళు తిన్నాను. ఆవిడ గురించి రాయడానికి నాకున్న అర్హత అంతే. ఉప్పు తిన్నవాళ్ళకి విశ్వాసం ఉండాలంటారు. ఆ ఇంట్లో నేను తిన్న ఉప్పు వేసింది రత్నం. విశ్వాసం మాత్రం ఇంటి యజమానికి చూపించాను. ఆవిడ కోసం నేను చెప్పాల్సింది ఒకే ఒక్క మాట, అదీ చెప్పలేదు. ఇప్పుడిన్ని మాటలు రాస్తున్నానంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

ఇల్లు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. యజమాని భాస్కర్ గారు, ఆయన భార్య శశికళ. నా భర్త శ్యామ్‌సుందర్ భాస్కర్ గారి కన్సల్టింగ్ కంపెనీలోనే పనిచేసేవాడు. మా వీసా ఆయన చేతిలో ఉండేది, గ్రీన్ కార్డ్ ఫైలూ ఆయన చేతిలోనే ఉండేది. శనివారం భోజనానికి రమ్మంటే వెళ్ళడం మాకు మర్యాదా, ముందుజాగ్రత్తా కూడా.

రత్నానిది తుని దగ్గర పల్లె. తండ్రి శశికళ వాళ్ళ నాన్నగారి మామిడితోటకి కాపలా ఉండేవాడు. పిల్లకి పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు, బడి మొహం చూడలేదు. 2002లో శశికళ నిండు నెలలతో ఉన్నప్పుడు పురిటి సాయానికని వాళ్ళమ్మ వచ్చింది. కూడా రత్నాన్ని, చుట్టాల పిల్ల అని కాగితాల మీద రాయించి, విజిటర్ వీసా మీద తీసుకొచ్చింది. అప్పటికి రత్నానికి ఇరవై రెండేళ్ళు. ఆరునెలలకి శశికళ తల్లి వెళ్ళిపోయింది. రత్నం వెళ్ళలేదు. పాస్‌పోర్ట్ భాస్కర్ గారి లాకర్‌లోకి వెళ్ళింది.

“అక్కడుంటే ఏమైపోయేదో పాపం. ఇక్కడ మాతో పాటే తింటుంది, మాతో పాటే ఉంటుంది” అనేది శశికళ, ఎవరూ అడక్కుండానే. ఎనిమిదేళ్ళలో రత్నం తినగా నేను ఒక్కసారి కూడా చూడలేదు.

పొట్టిగా, చువ్వలా ఉండేది. పోపులో ఆవాలు చిటపటలాడటం వినపడదు కదా, మూకుడు మీదికి వంగి వాసన చూసేది. ఒక్క ఆవగింజ మాడేది కాదు. ఎవరో నడిచి వస్తున్నారని నేలలోంచి పాదాలకి తెలిసేది. నవ్వొస్తే గట్టిగా నవ్వేది, ఎంత గట్టిగానో తనకి తెలియదు. శశికళ పెదాల మీద వేలు పెట్టి చూపించగానే ఆ నవ్వు టక్కున ఆగిపోయేది. చేపల పులుసు వడ్డిస్తూ మా వెనక తిరుగుతుంటే మేం ఎవరి ఉద్యోగం ఊడుతుందో, ఎవరి కాపురం బాగాలేదో ధైర్యంగా మాట్లాడుకునేవాళ్ళం. గోడలకి చెవులుంటాయని భయపడే మా జనానికి ఆ పిల్ల దేవుడిచ్చిన వరం.

కృతి రెండో పుట్టినరోజు నాకు బాగా గుర్తు. కృతి అంటే శశికళ కూతురు, రత్నం చేతుల మీద పెరిగిన పిల్ల. కేక్ కోస్తున్నారు, ముప్ఫై మంది చప్పట్లు కొడుతున్నారు. పిల్ల కేక్‌ని చూడటం లేదు. అందరి తలల మీదుగా వంటింటి గుమ్మంలోని రత్నాన్ని చూస్తూ చిన్న చిన్న వేళ్ళు ఆడిస్తోంది. అక్కణ్ణుంచి రత్నం వేళ్ళు ఆడించింది. పిల్ల కిలకిలా నవ్వింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. ముచ్చటేసింది, ఇంకో ముక్క కేక్ పెట్టించుకున్నాను.

రెండేళ్ళొచ్చినా పిల్ల నోటెంట మాట రావడం లేదని డాక్టర్లకి చూపించారు. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. మాటలు నేర్పే థెరపిస్ట్ ఒకావిడ గంటసేపు గమనించి, ఈ పిల్లకి భాష ఉంది, కాకపోతే చేతుల్లో ఉంది, మీ ఇంట్లో సైగలతో మాట్లాడేదెవరు అని అడిగిందట. శశికళకి తల కొట్టేసినట్టయింది. “నా కూతుర్ని కూడా మూగదాన్ని చేసేస్తోంది ప్రణీతా!” అని నా దగ్గర ఏడ్చింది. మర్నాటి నుంచి కృతిని డేకేర్‌లో వేశారు. రత్నం పిల్లని ఎత్తుకోకూడదు, పిల్లకి ఎదురు పడకూడదు. కృతి చేతులు కదిలిస్తే చేతి మీద దెబ్బ పడేది. నాలుగు నెలల్లో పిల్లకి నోటి మాటలొచ్చాయి, ఇల్లంతా పండగ చేసుకుంది. రత్నం మంచం వంటింటి పక్క గదిలోంచి బేస్‌మెంట్‌లోకి, బట్టలారబెట్టే డ్రయ్యర్ పక్కకి మారింది. అమ్మానాన్నలు టీవీ ముందు కూర్చున్నప్పుడు కృతి చప్పుడు కాకుండా ఆ మెట్లు దిగేదని తర్వాత తెలిసింది.

2010 ఏప్రిల్‌లో సెకండ్ గ్రేడ్ చదువుతున్న కృతికి స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారు. వందేళ్ళ కిందట ఈ దేశం వచ్చినవాళ్ళు ఎలా బతికారో చూసి రాయాలి. న్యూయార్క్‌లో ఒక పాత అద్దె మేడని మ్యూజియం చేశారని, ఒక్కో గదిలో పది మంది ఎలా ఉండేవాళ్ళో చూపిస్తారని నేనే చెప్పాను. ఆదివారం బయల్దేరాం. భాస్కర్ గారు, శశికళ, కృతి, నేను, పులిహోర డబ్బాలూ కోట్లూ మోయడానికి రత్నం.

టికెట్ల దగ్గరమ్మాయి, రెండు గంటల టూర్ ఒక్కటే ఖాళీ ఉందంది. “అది చెవులు వినపడనివాళ్ళ కోసం సైగల భాషలో జరిగే టూర్. గైడ్‌కి కూడా వినపడదు. వినపడేవాళ్ళ కోసం ఒక ఇంటర్‌ప్రెటర్ పక్కనుండి ఇంగ్లిష్‌లో చెబుతాడు. పరవాలేదా?”

“ఏదైతే ఏముందమ్మా, చూడ్డానికేగా! నాలుగింటికి పార్కింగ్ అయిపోతుంది” అన్నారు భాస్కర్ గారు మాతో. రత్నాన్ని కిందే కూర్చోబెడదామా అని శశికళ అంది. న్యూయార్క్‌లో ఒంటరిగా వదిలితే తప్పిపోతుందని ఆయన భయపడి ఆవిడక్కూడా టికెట్ కొన్నారు. ఆ టూర్‌కి రావాల్సిన మనిషి మాలో ఒక్కరే ఉందనీ, ఆవిడ మా కోట్లు మోస్తోందనీ మా ముగ్గురు పెద్దవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. అంత చదువులు చదివాం!

గైడ్ పేరు రూత్. అరవై దాటిన నల్లజాతి ఆవిడ, పొడుగు మనిషి. ఆ మేడని పాతకాలంలో ఉన్నట్టే మసక చీకట్లో ఉంచుతారు, కానీ చీకట్లో చేతుల మాట కనపడదు కనక ఆ టూర్‌కి మాత్రం ప్రతి గదిలో అదనంగా ఒక దీపం పెట్టారు. మెట్లెక్కేటప్పుడు ఎవరూ మాట్లాడరు, చేతులు మెట్ల పక్క కమ్మీ పట్టుకోవడానికే సరిపోతాయి. గదిలోకి వెళ్ళగానే అందరూ అర్ధచంద్రంలా నిలబడాలి, ఒకరికొకరు అడ్డం రాకుండా. రూత్ చెక్క నేల మీద కాలితో దబ్‌మని కొట్టేది, అందరి పాదాలకీ ఆ అదురు తెలిసి తలలు తిరిగేవి. పొయ్యి చూడమని చూపిస్తే చేతులు ఆపేసి, అందరి కళ్ళూ పొయ్యి మీంచి తన మీదికి తిరిగొచ్చేదాకా ఆగేది. చెప్పడం, చూపించడం ఒకేసారి కుదరవు. భాస్కర్ గారు వాచీ చూసుకుంటున్నారు.

రత్నం గైడ్‌ని కాదు, మిగతావాళ్ళని చూస్తోంది. పద్నాలుగు పదిహేను మంది పెద్దవాళ్ళు, మంచి మంచి బట్టలు వేసుకున్నవాళ్ళు, చేతులతో ఇష్టమొచ్చినట్టు మాట్లాడుకుంటున్నారు. ఒకరి చేతి మీద కూడా దెబ్బ పడటం లేదు. తనకప్పటికి ముప్ఫై ఏళ్ళు. తనలాంటి ఇంకో మనిషి ఈ భూమ్మీద ఉందని ఆ రోజు దాకా తెలియదు.

మూడో అంతస్తు వంటింట్లో రూత్ ఒక పిల్ల గురించి చెప్పింది. బంధువులు ఓడెక్కించి తెచ్చుకున్న పద్నాలుగేళ్ళ పిల్ల. రూత్ చెప్పడమంటే అచ్చం ఆ పిల్లయిపోవడమే. రెండు చేతులా బకెట్లతో నాలుగంతస్తులెక్కింది. చంటిబిడ్డని ఎత్తుకునే గిన్నెలు తోమింది. అందరూ పడుకున్నాక రెండు కుర్చీలు దగ్గరికి జరిపి, మీద బల్ల పరిచి, ముడుచుకుని పడుకుంది. తలుపు తీయబోతే తాళంచెవి తన దగ్గర లేదు. రూత్ భాష రత్నానికి ఒక్క ముక్క తెలియదు, కానీ ఇందులో తెలియడానికి ఏముంది.

రత్నం కోట్లు కింద పడేసింది. అర్ధచంద్రాన్ని దాటుకుని రూత్ ఎదురుగా నిలబడి చేతులు ఎత్తింది. గుండె మీద కొట్టుకుంది. గుండ్రంగా తిరిగేదేదో చూపించింది, ముడుచుకుని పడుకున్నట్టు చూపించింది. వేళ్ళతో పైనుంచి కిందికి ఏదో రాలుతున్నట్టు మళ్ళీ మళ్ళీ చూపించింది. రూత్ కళ్ళు చిట్లించి చూస్తోంది, సగమే అర్థమవుతోంది. అంతలో ఏడున్నరేళ్ళ కృతి, ఎవరూ అడక్కుండా, ఇంగ్లిష్‌లో గలగలా చెప్పేసింది.

“తను కూడా అలాగేనట. డ్రయ్యర్ పక్కన పడుకుంటుందట. తలుపు తాళం తనకివ్వరట. ఎనిమిదిసార్లు మంచు పడిందట, వాళ్ళ నాన్నని చూడలేదట. నాన్న దగ్గరికి వెళ్తానంటోంది.”

ఇంటర్‌ప్రెటర్ ఆ మాటల్ని చేతుల్లోకి మార్చాడు. గదిలో ఒక్క చెయ్యి కదల్లేదు. భాస్కర్ గారు కృతి మణికట్టు పట్టుకుని వెనక్కి లాగి, పెద్దగా నవ్వి, పిల్లకి కథలల్లడం సరదా అన్నారు. రూత్ ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది. ఇంటర్‌ప్రెటర్ ఆవిడ ప్రశ్న చెప్పాడు. “మీరు చెప్పండి. ఇది నిజమేనా? ఈమె వెళ్ళాలనుకుంటే ఆ ఇంట్లోంచి వెళ్ళగలదా?”

నాకు అన్నీ తెలుసు. లాకర్ తెలుసు, డ్రయ్యర్ తెలుసు, పిల్ల చేతి మీద దెబ్బలు తెలుసు. ఫైల్ కూడా తెలుసు. నాలుగేళ్ళ కిందట వేశారు, భాస్కర్ గారు ఒక్క ఈమెయిల్ పంపితే మేం సామాను సర్దుకోవాలి.

“షి ఈజ్ ఫ్యామిలీ” అన్నాను.

పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడాననుకున్నాను. పాము నిజంగానే చావలేదు. నా మాట ఇంటర్‌ప్రెటర్ చేతుల్లోకి మారడం రత్నం చూసింది, ఏమర్థమైందో తెలియదు. తర్వాత నా ముఖం చూసింది. అది అర్థమైంది. వంగి కోట్లు ఏరుకుంది.

గుమ్మం దగ్గర రూత్ తన కార్డు రత్నం చేతిలో పెట్టింది. కారెక్కగానే శశికళ అది తీసేసుకుంది.

రూత్ ఊరుకోలేదు. టికెట్లు కొన్న పేరు పట్టుకుని పోలీసులకి చెప్పింది. వాళ్ళు గురువారం వచ్చారు. బుధవారమే శశికళ, కృతి ఎక్కడో దూరంగా ప్లేనో అనే ఊళ్ళో ఉన్న భాస్కర్ గారి అక్కయ్య ఇంటికి ఎగిరిపోయారు. పోలీసులు పాపం సైగల భాష వచ్చిన మనిషిని కూడా తీసుకొచ్చారు. కానీ రత్నానిది అమెరికా సైగల భాష కాదు, ఇంకే దేశానిదీ కాదు. తనూ కృతీ కలిసి ముందు వంటింట్లో, తర్వాత బేస్‌మెంట్‌లో తయారుచేసుకున్న భాష అది, లోకంలో ఇద్దరికే వచ్చు. రెండో మనిషి ప్లేనోలో ఉంది. వచ్చినావిడ చాలాసేపు ప్రయత్నించి, నాకు అర్థం కావడం లేదు, ఇలాంటివాళ్ళతో మాట్లాడే నిపుణులు వేరే ఉంటారు, వచ్చేవారం తీసుకొస్తాం అని చెప్పి వెళ్ళింది. ఆ సాయంత్రమే పోలీసులు మా అపార్ట్‌మెంట్‌కి కూడా వచ్చారు. శ్యామ్‌సుందర్ నా పక్కనే కూర్చున్నాడు. నేను మళ్ళీ అదే మాట చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికే.

శుక్రవారం భాస్కర్ గారు ఫోన్ చేశారు.

“ప్రణీతా, మీ అత్తగారు సోమవారం ఇండియా వెళ్తున్నారు కదమ్మా? పెద్దావిడ, ఒక్కరే కనెక్షన్ ఫ్లైట్ ఎలా మారతారు? రత్నం తోడుంటుంది. టికెట్ నేను బుక్ చేసేశాను.”

ఇండియా ఫ్లైట్ అనగానే పెద్దవాళ్ళకి తోడు వెతకడం మాకందరికీ అలవాటు. ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా అడుగుతాం. ఆయన ఎందుకు అడుగుతున్నారో నాకు తెలుసు. అయినా అత్తగారికి నిజంగానే మోకాళ్ళ నొప్పులని, ఇది సాయమేనని నాకు నేను చెప్పుకున్నాను. “థాంక్సండీ” అన్నాను.

ఎయిర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేసింది నేనే. రత్నం అత్తగారి చక్రాల కుర్చీ తోసుకుంటూ నడిచింది. సెక్యూరిటీ లైను దగ్గర ఆగి, నా వైపు తిరిగి, చేతులతో ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. కృతి పేరు అందులో ఉందేమో, నాకేం తెలుసు. నేను అర్థమైనట్టు తలూపాను. అర్థం కాలేదని కనిపెట్టి మళ్ళీ మొదటినుంచి చెప్పింది. నేను మళ్ళీ తలూపాను. వెనకవాళ్ళు విసుక్కుంటుంటే కుర్చీ తోసుకుంటూ వెళ్ళిపోయింది.

“బంగారంలాంటి పిల్లే! దారంతా కాళ్ళు పట్టింది. తునిలో దింపేశాం” అని అత్తగారు విశాఖపట్నం నుంచి ఫోన్ చేసింది. ఆ బుధవారం నిపుణుణ్ణి వెంటబెట్టుకుని పోలీసులు వచ్చేసరికి బేస్‌మెంట్‌లో డ్రయ్యర్ ఒక్కటే ఉంది. తన ఇష్టప్రకారం వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళిపోయిందని భాస్కర్ గారు చెప్పారు. ఆ నాన్న చనిపోయి అప్పటికే మూడేళ్ళు. చెబితే బెంగపెట్టుకుంటుందని శశికళ చెప్పలేదు.

2013లో ఒక శనివారం భోజనాల దగ్గర శశికళే అంది. “మా రత్నం పోయిందటండీ. కడుపులో నొప్పట, ఎక్కడో, ఎలాంటిదో చెప్పలేకపోయిందట. అపెండిక్స్ పగిలిపోయిందన్నారు. పాపం, ఇక్కడుంటే బతికేది.” అందరం అయ్యో అన్నాం. కృతి కంచం వదిలేసి లేచి వెళ్ళిపోయింది. కొత్త వంటావిడ సాంబారు బాగా చేస్తుందని ఎవరో మాట మార్చారు.

మా గ్రీన్ కార్డులు 2014లో వచ్చాయి. శ్యామ్‌సుందర్ వేరే ఉద్యోగం చూసుకున్నాడు. ఇక నాకు భయపడటానికి ఏమీ లేదు, నిజం చెప్పుకోవడానికి మనిషీ లేదు.

2015 మార్చిలో కృతి ఫోన్ చేసింది. పన్నెండేళ్ళ పిల్ల.

“ఆంటీ, నన్ను ఆ మ్యూజియంకి తీస్కెళ్తారా? సైన్ లాంగ్వేజ్ టూర్‌కి. అమ్మకి చెప్పొద్దు, ప్లీజ్.”

రైల్లో వెళ్ళాం. ఒళ్ళో లైబ్రరీ నుంచి తెచ్చుకున్న సైగల భాష పుస్తకం పెట్టుకుని, కిటికీలోకి చూస్తూ అంది. “నాకేం గుర్తు లేదు ఆంటీ. తనతో అన్నీ మాట్లాడేదాన్ని కదా, ఒక్కటి కూడా రావట్లే. ఈ బుక్‌లో ఉన్నవి వేరే.” అప్పుడు నాకు తెలిసింది, రత్నం భాష వచ్చిన మనిషి ఇక లోకంలో ఒక్కరు కూడా లేరని.

రూత్ జుట్టు పూర్తిగా నెరిసింది. టూర్ అయ్యాక అందరూ దిగిపోతుంటే మూడో అంతస్తు వంటింట్లో కృతి ఆగి, ఇంటర్‌ప్రెటర్‌తో తనెవరో చెప్పింది. రూత్ ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది. చాలాసేపు వదల్లేదు. తర్వాత అడిగింది, ఆమె ఎక్కడుంది?

చనిపోయిందని కృతి చెప్పింది. రూత్ నా వైపు తిరిగింది, గుర్తుపట్టింది.

“ఆ రోజు మిమ్మల్ని అడిగాను. అప్పటికే మీకు తెలుసా?”

“తెలుసు” అన్నాను.

“నిజమే అని మీరొక్క మాట అని ఉంటే నేను తనని ఈ మెట్లు దిగనిచ్చేదాన్ని కాదు. పోలీసులు మిమ్మల్ని కూడా అడిగారా?”

“అడిగారు. అదే చెప్పాను.”

“నిపుణుడు వచ్చేలోపే వెళ్ళిపోయిందని పోలీసులు చెప్పారు. ఎవరు పంపించారు?”

కృతికి ఇది తెలియదు. వాళ్ళ నాన్న పంపించారనే అనుకుంటోంది. ఆయన పేరు చెప్పి ఊరుకోవచ్చు, అబద్ధం కూడా కాదు. కానీ ఆ గదిలో ఒకసారి అలాంటి మాటే చెప్పాను.

“నేనే ఎయిర్‌పోర్ట్‌లో దింపాను. మా అత్తగారికి తోడుగా పంపించాను. కుర్చీ తోయడానికి.”

ఇంటర్‌ప్రెటర్ చేతులు ఆ మాటల్ని కూడా మార్చాయి. ఎందుకలా చేశానో చెప్పాలని నోరు తెరిచాను. వీసా, ఫైలు, భయం, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా చెప్పాలనిపించింది. రూత్ తన రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టేసుకుంది.

ఇంటర్‌ప్రెటర్ కాసేపు చూసి, “ఆవిడ ఇంకేమీ మాట్లాడటం లేదు” అన్నాడు నాతో మెల్లిగా.

కృతి అప్పటికే మెట్ల దగ్గరుంది. “కృతీ” అని పిలిచాను. వినపడింది. తిరిగి చూడలేదు.